అదనపు మార్కర్లు అడిగారంటే మొదటి పరీక్ష తప్పని కాదు

గంజాం తీరంలోని ఒక మత్స్యకార పల్లె నుంచి ఒక తమ్ముడు అడిగాడు. ప్రశ్న పొడుగ్గా ఉంది. సారాంశం ఇది:

"మా అన్నయ్య, మా పెదనాన్న కొడుకు ఒకే పడవలో వేటకు వెళ్ళారు. రుషికుల్య మొగ దగ్గర పడవ తిరగబడింది. పన్నెండు రోజులకు ఒక దేహం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ముఖం ఆనవాలు లేదు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు, ఒకే ఎత్తు. పోలీసులు నా రక్తం తీసి పంపారు. 21 మార్కర్లలో 11 మాత్రమే వచ్చాయి, తోబుట్టువు సంబంధం నిర్ధారించలేం, అదనపు మార్కర్లు చేయాలి అని రిపోర్టు వచ్చింది. అంటే మొదట చేసింది తప్పా? అదనపు మార్కర్లు చేస్తే ఖాయంగా తేలుతుందా? నాన్న లేరు. అమ్మ ఉంది. పెదనాన్న, పెద్దమ్మ ఉన్నారు. పెదనాన్న మా నాన్నకు సొంత అన్న, పెద్దమ్మ మా అమ్మకు సొంత అక్క."

తమ్ముడూ, ముందు సమాధానం చెప్తాను, కారణాలు తర్వాత. మొదటి పరీక్ష తప్పు కాదు. అదనపు మార్కర్లు మీ విషయంలో పనికొస్తాయి, వద్దనకండి. కానీ వాటికంటే ముందు మీ అమ్మగారి నమూనా, మీ పెదనాన్న పెద్దమ్మల నమూనాలు వెళ్ళాలి. మీ ఒక్కరి రక్తంతో పోల్చుతూ మరికొన్ని మార్కర్లు పెంచితే వచ్చే బలం కంటే, ఆ ముగ్గురి నమూనాలతో వచ్చే బలం చాలా ఎక్కువ. ఇంకో మాట: మార్కర్లు పెంచేటప్పుడు ఏ రకం పెంచుతున్నారో అడగండి. దేహం ఆ ఇద్దరిలో ఎవరిదో తేల్చడానికి మీ కుటుంబంలో రెండు రకాలు పనికిరావు. అవేమిటో కింద చెప్తాను.

నేను బరంపురంలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. ఇరవై రెండేళ్ళు డీఎన్‌ఏ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. సముద్రం, నది, రైలు పట్టాలు, అడవి ఇచ్చిన దేహాలు చాలా చూశాను. మీ ప్రశ్న చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే మీ రెండు కుటుంబాల మధ్య ఉన్న చుట్టరికం, మా పనిలో వచ్చే చిక్కుముడుల్లో కష్టమైనది.

మార్కర్ అంటే ఏమిటో రెండు మాటల్లో. మన డీఎన్‌ఏలో కొన్నిచోట్ల ఒక చిన్న అక్షరాల గుంపు మళ్ళీ మళ్ళీ వస్తుంది. కొందరిలో 12 సార్లు, కొందరిలో 15 సార్లు, కొందరిలో 17 సార్లు. దీన్నే ఎస్టీఆర్ అంటారు. ప్రతి చోటా మనకు రెండు అంకెలుంటాయి, ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. డీ8ఎస్1179 అనే చోట ఒకరికి 13, 15 ఉంటే ఇంకొకరికి 10, 14 ఉండొచ్చు. ఇలాంటి చోట్లు ఇరవై చూస్తే ఆ అంకెల వరస ఒక మనిషికి ఒకటిగా నిలబడుతుంది. ఒకే అండం నుంచి పుట్టిన కవలల మాట వేరు.

ఈ చోట్ల సంఖ్య కాలంతో పాటు పెరుగుతూ వచ్చింది. 1980ల చివర మన హైదరాబాద్ సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ గారు కట్లపాము జాతి డీఎన్‌ఏ నుంచి తీసిన ప్రోబ్‌తో (తనలాంటి వరసను వెతికి పట్టుకునే డీఎన్‌ఏ ముక్క) డీఎన్‌ఏ ముద్రలు వేసే నాటికి ఈ ఎస్టీఆర్ పద్ధతి లేదు. తర్వాత వచ్చింది. అమెరికా తన జాతీయ డేటాబేస్‌కి మొదట 13 చోట్లు పెట్టుకుంది. 2017 జనవరి 1 నుంచి వాటిని 20కి పెంచింది. ఎందుకు పెంచారో చెప్పడానికి ఇంగ్లండ్‌లో జరిగిన ఒక సంగతి చాలు. 1999లో ఒక దొంగతనం కేసులో దొరికిన నమూనా, డేటాబేస్‌లో ఉన్న ఒకాయన నమూనాతో ఆరు చోట్ల కలిసింది. అలా యాదృచ్ఛికంగా కలిసే అవకాశం 3 కోట్ల 70 లక్షల్లో ఒకటని లెక్క. ఆయనేమో పార్కిన్‌సన్ జబ్బుతో సరిగ్గా నడవలేని మనిషి, దొంగతనం జరిగిన ఊరికి ఎంతో దూరంలో ఉంటాడు. పది చోట్లతో మళ్ళీ చేస్తే తేడా బయటపడింది, ఆయన నిర్దోషి అని తేలింది. కొన్ని లక్షల మందిని ఒకరితో ఒకరిని పోలుస్తూ పోతే ఆరు చోట్లు సరిపోవని అందరికీ అప్పుడు తెలిసొచ్చింది.

అయితే ఆ కేసులో ప్రశ్న "ఈ నమూనా ఈ మనిషిదేనా" అని. మీ ప్రశ్న అది కాదు. "ఈ దేహం ఈ మనిషికి అన్నా, పెదనాన్న కొడుకా" అని. ఇది పూర్తిగా వేరే లెక్క.

తోబుట్టువుల లెక్క ఎందుకు తేలదో చూడండి. ప్రతి చోటా మీ అమ్మ చేతిలో రెండు చీట్లున్నాయి, నాన్న చేతిలో రెండు. మీకు తలా ఒకటి ఇచ్చారు. మీ అన్నయ్యకూ తలా ఒకటి ఇచ్చారు. మీ ఇద్దరికీ అవే రెండూ పడే అవకాశం నాలుగింట ఒకటి. ఒకటి కలిసి ఒకటి మారే అవకాశం సగం. రెండూ వేరే వేరే పడే అవకాశం నాలుగింట ఒకటి. అంటే సొంత అన్నదమ్ములకు కూడా ఒక చోట ఒక్క అంకె కూడా కలవకపోవచ్చు. అందుకని కలవకపోతే "అన్న కాదు" అనడానికి లేదు. ఆ చోట లెక్క పావుకి పడిపోతుంది, అంతే. లెక్క అంటే, ఈ అంకెలు రావడానికి దేహం అన్నదైతే ఉన్న అవకాశం, పరాయివాడిదైతే ఉన్న అవకాశానికి ఎన్ని రెట్లో అన్నది. 1 దాటితే అన్న వైపు, 1కి తగ్గితే వ్యతిరేకం. ఒక అంకె కలిసినా అది జనంలో ఐదింట ఒకటి వంతున దొరికే మామూలు అంకె అయితే లెక్క 0.875కి వస్తుంది. అంటే కలిసి కూడా కాస్త వ్యతిరేకమే! అదే ఇరవైలో ఒకటి వంతున దొరికే అరుదైన అంకె కలిస్తే 2.75. రెండు మామూలు అంకెలూ కలిస్తే 4.6 దాకా పోతుంది. ఇలా 11 చోట్ల వచ్చినవన్నీ గుణిస్తే ఒకసారి 40, ఒకసారి 6, ఒకసారి 0.8 వస్తుంది. సొంత అన్నదమ్ములకు 0.8 వచ్చిన కాగితం నేను కళ్ళారా చూశాను. కోర్టు ముందు పెట్టడానికి అది ఎటూ చాలదు.

పైగా ఆ లెక్కంతా "దేహం పరాయివాడిదైతే" అనే దానితో పోల్చి చేసింది. మీ విషయంలో రెండో వ్యక్తి పరాయివాడు కాదు. మీ నాన్న, పెదనాన్న సొంత అన్నదమ్ములు. మీ అమ్మ, పెద్దమ్మ సొంత అక్కచెల్లెళ్ళు. అంటే ఆ అబ్బాయి మీకు రెండు వైపులా అన్న వరస. జన్యుపరంగా చూస్తే మామూలు పెదనాన్న కొడుకు కంటే రెట్టింపు దగ్గర, ఒక తల్లికి వేరు తండ్రికి పుట్టిన సోదరుడంత దగ్గర. "పరాయివాడితో పోలిస్తే ఎంత" అని కాకుండా "రెండు వైపులా చుట్టమైన అన్నతో పోలిస్తే ఎంత" అని లెక్క వేయమని రాతపూర్వకంగా అడగండి. ప్రయోగశాలకు ఈ చుట్టరికం సంగతి తెలిసి ఉండకపోవచ్చు. నమూనాతో వెళ్ళే ఫారంలో "సంబంధం: తమ్ముడు" అని ఒక్క మాట రాసి ఊరుకుంటారు. వంశవృక్షం వేరే కాగితం మీద గీసి ఇవ్వండి, తాతల దాకా. మన తెలుగు ఇళ్ళలో మేనరికాలు, అక్క కూతుర్ని చేసుకోవడాలు మామూలే. అవి ఉంటే అవి కూడా గీయండి. దాచాల్సిన సంగతి కాదు. పైనుంచి రెండు దారుల్లో ఒకే రక్తం వచ్చి కలిసే ఇళ్ళలో అంకెలు మామూలు కంటే ఎక్కువగా కలుస్తాయి. ఆ సంగతి చెప్పకపోతే లెక్క తప్పుడు ధైర్యం ఇస్తుంది.

ఇప్పుడు పనికిరానివి ఏమిటో చెప్తాను.

మన ఇంటిపేరు ఎలా వస్తుంది? తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి. వై క్రోమోజోమ్ సరిగ్గా అదే దారిలో వస్తుంది. దాని మీద 17, 23, 27 చోట్లు చూసే వై-ఎస్టీఆర్ కిట్లున్నాయి. అత్యాచారం కేసుల్లో ఇవి ప్రాణదాతలు. ఆడమనిషి డీఎన్‌ఏ కుప్పలో మునిగిపోయిన కొద్దిపాటి మగ డీఎన్‌ఏని విడిగా పట్టుకుంటాయి. కానీ మీ అన్నయ్యకీ, మీ పెదనాన్న కొడుక్కీ ఒకే తాత. ఇద్దరిదీ ఒకే వై. 27 చోట్లు కలిశాయని రిపోర్టు వస్తే ఇంట్లో వాళ్ళు "ఇంకేం, మనవాడే" అని కర్మకాండలు మొదలుపెట్టేస్తారు. ఆ కలవడం ఇద్దరికీ సమానమే. త్వరత్వరగా మారే వై మార్కర్లు కొన్ని ఉన్నాయి, అప్పుడప్పుడు అన్నదమ్ముల్ని కూడా వేరు చేస్తాయి. వాటిలో తేడా వస్తే ఆ తేడా ఎటువైపు శాఖలో వచ్చిందో చెప్పడానికి మీ నమూనా, పెదనాన్న నమూనా రెండూ ఉండాలి. అదృష్టం మీద ఆధారపడ్డ పని.

రెండోది మైటోకాండ్రియా డీఎన్‌ఏ. ఇది తల్లి నుంచి మాత్రమే వస్తుంది, కొడుకులకీ కూతుళ్ళకీ. పాత ఎముకల్లో, మొదలు లేని వెంట్రుకల్లో ఇంకేమీ దొరకనప్పుడు ఇదే దిక్కు, ఎందుకంటే ఒక్కో కణంలో దీని ప్రతులు వందలు, వేలు ఉంటాయి. మీ అమ్మ, పెద్దమ్మ ఒకే తల్లి బిడ్డలు. కనుక మీ అన్నయ్యదీ ఆ అబ్బాయిదీ అదీ ఒకటే. ఇక్కడ మీకు శూన్యం. దేహం ఈ రెండు కుటుంబాలకూ సంబంధం లేని మూడోవాడిది అయి ఉంటుందేమో అన్న అనుమానం తీర్చుకోవడానికి మాత్రం ఈ రెండూ పనికొస్తాయి. ఆ అనుమానం నిజంగా ఉంటే చేయించండి. ఆ తీరంలో ఆ నెలలో ఇంకెవరైనా తప్పిపోయారా అని పోలీసుల్ని అడగండి.

ఎక్స్ క్రోమోజోమ్ మార్కర్ల గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు. కొడుక్కి ఎక్స్ తల్లి నుంచే వస్తుంది కాబట్టి మీ అమ్మగారితో పోల్చడానికి అక్కరకొస్తుంది, కానీ అమ్మతో పోల్చే మామూలు ఎస్టీఆర్ పూర్తిగా వచ్చేస్తే దాని అవసరం పెద్దగా ఉండదు. ఎక్స్ అసలు బలం వేరే చోట. రాయగడ వైపు ఒక కేసు: తండ్రి చనిపోయాడు, మొదటి భార్య పిల్లలు రెండో ఆమె కూతుర్ని కూతురు కాదన్నారు. మిగిలిన ఆధారం నాయనమ్మ ఒక్కతే. తండ్రి తన ఎక్స్ తల్లి దగ్గర తెచ్చుకుని, దాన్నే కూతురికి పూర్తిగా ఇస్తాడు. అందుకని మనవరాలికి ప్రతి ఎక్స్ మార్కర్ దగ్గరా నాయనమ్మ అంకె ఒకటి ఉండి తీరాలి. 12 చోట్లు చూశాం, 12 చోట్లా ఉంది. మామూలు ఎస్టీఆర్‌లతో నాయనమ్మ మనవరాళ్ళ లెక్క మళ్ళీ అటూ ఇటూ ఊగుతుంది. సరైన చోట సరైన మార్కర్ అంటే నా దృష్టిలో ఇది.

ఇప్పుడు మీ అమ్మగారి దగ్గరికి వద్దాం.

దేహం మీ అన్నయ్యదైతే, వచ్చిన ప్రతి చోటా మీ అమ్మ అంకె ఒకటి ఉండి తీరాలి. ఇక్కడ పావు, సగం గొడవ లేదు. పరాయివాడైతే ఇరవై చోట్లలో మామూలుగా అయిదారు చోట్లకు తక్కువ కాకుండా పొంతన తప్పుతుంది. మీ పెదనాన్న కొడుకైతే? వాడికి మీ అమ్మ పిన్ని. పిన్ని అంకెలు సగం సార్లు తల్లి అంకెలతో కలిసిపోతాయి కాబట్టి పొంతన తప్పే చోట్లు సగానికి తగ్గుతాయి. సుమారుగా ప్రతి ఐదు చోట్లకు ఒకటి తప్పుతుందనుకుందాం. 11 చోట్లే ఉన్నప్పుడు ఒక్క తేడా మాత్రమే, లేదా అసలు తేడా లేకుండా, బయటపడే అవకాశం మూడింట ఒకటి దాకా ఉంటుంది. 21 చోట్లూ వస్తే అది వందలో ఆరుకి పడిపోతుంది. అదనపు మార్కర్లు ఎందుకు అడిగారో దీనిలో ఉంది. ఒక్క తేడా ఎందుకు చిక్కు అంటే, తల్లి నుంచి బిడ్డకు వెళ్ళేటప్పుడు అప్పుడప్పుడు అంకె ఒక మెట్టు మారుతుంది. 16 వెళ్ళాల్సింది 17 అవుతుంది. తల్లి వైపు నుంచి ఒక్కో చోట వెయ్యిలో ఒకసారి కంటే తక్కువే. ఇరవై చోట్లు చూస్తే వంద తల్లీబిడ్డల జతల్లో ఒకటి రెండు జతలకు అలా ఒక తేడా కనిపిస్తుంది. అందుకే ఒక్క తేడాతో తల్లి కాదనం. ఆ ఒక్క తేడా అంకె మారినందుకా, పిన్ని అయినందుకా అనేది 11 చోట్లతో తేలదు.

మరి పెదనాన్న, పెద్దమ్మ ఎందుకు? ఇద్దరూ ఉంటే దేహం అంకెల్లో ఒకటి ఆయన దగ్గర, ఇంకొకటి ఆమె దగ్గర దొరకాలి. రెండు తాళాలూ ఒకేసారి తెరుచుకోవాలి. దేహం మీ అన్నయ్యదైతే ఉన్న ఆ 11 చోట్లలోనే నాలుగైదు చోట్ల ఈ పొంతన తప్పుతుంది. దేహం వాళ్ళ అబ్బాయిదైతే అన్నిచోట్లా కుదురుతుంది. మీ అమ్మ ఒకవైపు, వాళ్ళిద్దరూ ఇంకోవైపు. రెండు వైపులా లెక్క చేస్తే, కొత్త మార్కర్ ఒక్కటి కూడా వేయకుండానే సంగతి తేలిపోయే అవకాశం బాగా ఉంది. మొదట్లోనే ఆ ముగ్గురినీ ఎందుకు పిలవలేదో నాకు బాధగా ఉంది. ముసలివాళ్ళను ఇబ్బంది పెట్టడం ఎందుకని తమ్ముణ్ణి పంపేస్తారు. వినడానికి దయగా ఉంటుంది, కానీ ఆ దయ వల్ల ఇళ్ళు నెలల తరబడి ఎదురుచూస్తాయి.

ఒకసారి ఇలాంటి తల్లిని తీసుకొచ్చారు. వలలు లాగి, ఉప్పు నీళ్ళకు పగిలి, వేలి చివర్లు చెప్పు తోలులా గట్టిపడిన చేతులు. మా టెక్నీషియన్ సూది రెండుసార్లు గుచ్చాడు, చుక్క రాలేదు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు, "ఇంకొంచెం లోతుగా గుచ్చు నాయనా" అంది. చివరికి నోరు కడిగించి, బుగ్గ లోపల దూదిపుల్లతో నెమ్మదిగా రుద్ది తీశాం. అది చాలు. మీ అమ్మగారు రక్తానికి భయపడితే ఆ సంగతి చెప్పండి, బుగ్గ నమూనా అడగండి. దూదిపుల్లను నీడలో ఆరబెట్టి కాగితపు కవరులో పెట్టాలి. పాలిథిన్‌లో పెడితే చెమ్మకు బూజు పడుతుంది. గడిచిన మూడు నెలల్లో ఎవరికైనా రక్తం ఎక్కించి ఉంటే ఫారంలో తప్పక రాయించండి.

21లో 11 మాత్రమే ఎందుకు వచ్చాయి అన్నారు. కంప్యూటర్ మీద ఫలితం గ్రాఫు ఎలా ఉంటుందో చెప్తాను. ఒక్కో శిఖరం ఒక్కో అంకె. ఎడమ వైపు పొట్టి ముక్కలు, కుడి వైపుకి పోనుపోను పొడవు ముక్కలు. మంచి రక్తానికి శిఖరాలన్నీ ఇంచుమించు ఒకే ఎత్తులో, కొబ్బరి తోటలా నిలబడతాయి. పన్నెండు రోజులు ఉప్పు నీళ్ళలో, ఎండలో ఉన్న దేహానికి ఎడమన శిఖరాలు నిటారుగా ఉంటాయి, మధ్యలో వంగుతాయి, కుడి చివరకు నేల కరిచి పోతాయి. డీ22ఎస్1045 లాంటి పొట్టి చోటు బతుకుతుంది. ఎస్‌ఈ33 లాంటి పొడవాటి చోటు చచ్చిపోతుంది. డీఎన్‌ఏ దారం ముక్కలు ముక్కలైపోయింది, పొడవాటి ముక్కలు మిగల్లేదు. అందుకని అదే నమూనా మీద అదే కిట్ పదిసార్లు వేసినా అవే 11 వస్తాయి.

దీనికి మందు రెండు. ఒకటి, మంచి నమూనా. కండ వద్దు. దవడ పన్ను, తొడ ఎముక మధ్యభాగం, లేదా లోపలి చెవి చుట్టూ ఉండే గట్టి కపాలపు ఎముక. పన్ను పైపొర గీకి, బ్లీచుతో కడిగి, ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి పొడి చేస్తాం. పసుపు కొట్టినట్టు మెత్తని పొడి వస్తుంది. పన్ను చుట్టూ ఉండే గట్టి గోడ లోపలి డీఎన్‌ఏని సముద్రం నుంచి కాపాడుతుంది. మొదటి పరీక్ష దేని మీద చేశారో రిపోర్టులో ఉంటుంది, చూడండి. కండ మీద చేసి ఉంటే పన్ను మీద మళ్ళీ చేయమని అడగండి. ఒక జిల్లా ఆసుపత్రి నుంచి మాకు ఎముక ముక్క ఫార్మలిన్ సీసాలో వచ్చింది. పంపినవాళ్ళు జాగ్రత్త అనే అనుకున్నారు. ఫార్మలిన్ డీఎన్‌ఏని పాడుచేస్తుంది. ఆ కుటుంబానికి మేము రెండు చోట్ల అంకెలు కూడా ఇవ్వలేకపోయాం. ఇప్పటికీ ఆ సీసా నా కళ్ళ ముందు ఉంది.

రెండో మందు, పొట్టి మార్కర్లు. 150 అక్షరాల లోపు ముక్కతో సరిపోయే మినీ-ఎస్టీఆర్‌లు, ఇంకా చిన్న ముక్కతో సరిపెట్టుకునే ఇండెల్‌లు (కొన్ని అక్షరాలు చేరిన లేదా పోయిన చోట్లు), ఎస్‌ఎన్‌పీలు (ఒక్క అక్షరం మారిన చోట్లు). 2001 సెప్టెంబర్ 11 తర్వాత న్యూయార్క్‌లో కాలి నుగ్గయిన అవశేషాల కోసం ఇవి బాగా ముందుకొచ్చాయి. ఎస్‌ఎన్‌పీ ఒక్కటి చెప్పేది తక్కువ, ఒక ఎస్టీఆర్ సమాచారానికి మూడు నాలుగు ఎస్‌ఎన్‌పీలు కావాలి. అందుకే యాభై, వంద కలిపి చేస్తారు. కానీ వాటికి ఒక పెద్ద గుణం ఉంది: తల్లి నుంచి బిడ్డకు వెళ్ళేటప్పుడు అవి దాదాపు మారవు. అమ్మతో ఒక తేడా వస్తే "మారిందేమో" అన్న సందేహం ఎస్టీఆర్‌లో ఉన్నంతగా ఇక్కడ ఉండదు. మీ కేసుకి మీ ప్రయోగశాల అదనపు మార్కర్లు అంటే ఇవే అయితే చాలా మంచి మాట.

మార్కర్లు ఎక్కువైతే బలం ఎక్కువే, కానీ గుడ్డిగా గుణించకూడదు. వీడబ్ల్యూఏ, డీ12ఎస్391 అని రెండు చోట్లున్నాయి. రెండూ 12వ క్రోమోజోమ్ మీద, 60 లక్షల అక్షరాల దూరంలో. విడివిడిగా మనుషుల్ని గుర్తించేటప్పుడు ఇబ్బంది లేదు. అన్నదమ్ముల లెక్కలో మాత్రం అవి కలిసి ప్రయాణిస్తాయి, రెండు సాక్ష్యాలుగా లెక్కపెట్టడం సరికాదు. కొత్త మార్కర్లు చేర్చినప్పుడల్లా ఏది దేని పక్కన ఉందో చూసుకోవాలి. అలాగే అంకెల తరచుదనం పట్టిక ఏ జనానిది వాడారు అన్నది. మన మత్స్యకార కుటుంబాలు తరతరాలుగా లోపల్లోపలే పెళ్ళిళ్ళు చేసుకున్నవి. ఊరందరికీ మామూలైన అంకె, బయటి పట్టికలో అరుదుగా కనిపించొచ్చు. దాన్ని సరిచేయడానికి ఒక దిద్దుబాటు గుణకం ఉంటుంది, మామూలుగా 0.01, చిన్న మూసుకున్న సమూహాలకు 0.03. రిపోర్టులో అది రాశారో లేదో చూడండి.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ముగ్గురి నలుగురి నమూనాలు కలిపి చూసేటప్పుడు ఇంట్లో ఎవరికీ తెలియని, లేదా తెలిసీ ఎవరూ అనని సంగతులు బయటపడొచ్చు. చిన్నప్పుడు పెంపకానికి ఇచ్చిన పిల్లవాడు, పుట్టుక గురించి ఒక రహస్యం. సంతకాలు పెట్టే ముందు పెద్దవాళ్ళను విడిగా కూర్చోబెట్టి అడగండి. ప్రయోగశాలకు కావాల్సింది నిజమైన చుట్టరికం. పెంపకమైతే ఆ మాట దర్యాప్తు అధికారికి ఒక్కడికే చెప్పినా చాలు.

పేర్ల విషయం కూడా. మన ఇళ్ళలో తాత పేరు మనవళ్ళందరికీ పెడతారు. మీ అన్నయ్యకీ ఆ అబ్బాయికీ ఒకే పేరు అయితే నేను ఆశ్చర్యపోను. ఒక కేసులో రెండు ట్యూబులు వచ్చాయి, రెండింటి మీదా అదే ఇంటిపేరు, అదే పేరు. ఒడియాలో రాసిన చీటీ, దాని మీద ఇంగ్లీషులో వేరే స్పెల్లింగు. ఎవరిది ఏదో తెలియక రెండూ వెనక్కి పంపి మళ్ళీ తీయించాం, నెలా పదిహేను రోజులు పోయాయి. మార్కర్లు వంద చేసినా చీటీ తప్పైతే ఫలితం తప్పే. నమూనా ఇచ్చేటప్పుడు చీటీ మీద తండ్రి పేరు, తల్లి పేరు కూడా రాయించి, మీ ఫోన్లో ఫోటో తీసుకోండి.

2023 జూన్ 2న బహనగా బజార్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం తర్వాత ఆనవాలు తెలియని దేహాలను భువనేశ్వర్ ఎయిమ్స్‌లో ఉంచారు. ఒక్క దేహాన్ని రెండు మూడు కుటుంబాలు మాదంటే మాదన్నాయి. డీఎన్‌ఏ కలిశాకే ఇచ్చారు. నాలుగు నెలలు దాటినా 28 దేహాలకు ఎవరూ దొరక్క అక్టోబరులో దహనం చేశారు. ఆ రోజుల్లో నాకు ఫోన్ చేసిన ప్రతి ఇంటికీ నేను చెప్పింది ఇదే: తల్లో తండ్రో పిల్లలో ఉంటే వాళ్ళే వెళ్ళండి, అన్నదమ్ములు రెండో వరస. మీకు తొందర ఎందుకో నాకు తెలుసు. దేహం ఎవరిదో తేలకపోతే మరణ ధ్రువపత్రం రాదు. తప్పిపోయినవాడు చనిపోయాడని చట్టం అనుకోవడానికి ఏడేళ్ళు పడుతుంది. బీమా, సాయం, భూమి అన్నీ అక్కడే ఆగుతాయి. రెండు ఇళ్ళలోనూ ఒక ఆడకూతురు బొట్టు పెట్టుకోవాలో తీసేయాలో తెలియక కూర్చుని ఉంటుంది.

కాబట్టి రేపే దర్యాప్తు అధికారికి ఒక అర్జీ రాయండి. ఒడియాలో రాయించుకోండి, కింద మీ సంతకం తెలుగులో ఉన్నా ఫరవాలేదు. అమ్మ, పెదనాన్న, పెద్దమ్మ నమూనాలు తీసి పంపమని. వంశవృక్షం జతచేశామని. లెక్క మీ అన్నకీ, పెదనాన్న కొడుక్కీ మధ్య పోల్చి వేయమని. మొదటి పరీక్ష కండ మీద అయితే పన్ను మీద మళ్ళీ చేయమని. పొట్టి మార్కర్లు, ఎస్‌ఎన్‌పీలు మీ ప్రయోగశాలలో లేకపోతే అవి చేసే చోటికి పంపమని. రసీదు తీసుకోండి. ఈ ఫలితాలన్నీ వచ్చేదాకా దేహం తాలూకు పళ్ళు, ఎముక, మిగిలిన పొడి ఏదీ పారేయొద్దని, దేహాన్ని దహనం చేయకుండా పాతిపెట్టి ఆ చోటికి నంబరు వేయమని ఆ అర్జీలోనే చివరి వాక్యంగా రాయండి.